‘పచ్చ’ తీగ ఏది?



బావి యొద్ద మోటారునకు వచ్చు తీగల రంగులు అందము కొరకు కావు. మన దేశమున వాడుకలో నున్న పద్ధతి ననుసరించి మూడు ఫేజులకు ఎరుపు, పసుపు, నీలము; న్యూట్రలునకు నలుపు; ఎర్తునకు ఆకుపచ్చ, లేక పసుపు చారగల ఆకుపచ్చ.

చిక్కు మన మాటలోనే కలదు. ‘పచ్చ’ యనిన కొందరికి పసుపు, కొందరికి ఆకు రంగు. పసుపు తీగలో కరెంటు పారును. ఆకుపచ్చ తీగ మోటారు ఇనుప బాడీని భూమితో కలుపును; లోపల తీగ చెడి బాడీకి కరెంటు సోకినచో దానిని భూమిలోనికి మరల్చును. “పచ్చతీగ బాడీకి బిగింపు” మని యొకరు చెప్పగా, వేరొకరు పసుపు తీగను బిగించిరనుకొనుడు! తడికాళ్లతో ఆ మోటారును తాకినవాని గతి యేమి? కావున ‘పసుపు’ అనుడు, ‘ఆకుపచ్చ’ అనుడు. వట్టి ‘పచ్చ’ అనవలదు.

తీగ చాలలేదని ఆకుపచ్చ ముక్కను ఫేజునకు అతుకు పొదుపు కూడ కూడదు. నీలమును గూర్చి యొక మాట: మోటారు లైనులో అది ఫేజు, పెక్కు విదేశీ పరికరముల త్రాళ్లలో గోధుమరంగు ఫేజు, నీలము న్యూట్రలు. పాత లైను ఎవరు వేసిరో తెలియదు గనుక, మెయిను ఆపి, టెస్టరుతో చూపించిన పిదపనే లైసెన్సుగల పనివానిచే చేయి పెట్టింపవలెను.