లేవగానే కమ్మే చీకటి
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము. మెట్రిక్ వరకు చదివి, రైల్వే ఆఫీసులో బిల్లులు వ్రాసుకొనే గుమాస్తాలము. అయినను పెద్దల ఆరోగ్యమును గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినందున, డాక్టర్లను అడిగి తెలుసుకొన్నదీ, చదివినదీ మనవి చేస్తున్నాము.

గంటసేపు చాప మీద కూర్చుని పంచాంగం విన్న తాతగారు లేవబోయి, స్తంభం పట్టుకొని, "కళ్ళు బైర్లు కమ్మాయిరా" అంటారు. కొడుకు ఏమి చేస్తాడు? కళ్ళజోడు మార్పిస్తాడు. అందులోనూ డ్రైవర్లుగా పనిచేసిన వారికి సర్వీసు పొడుగునా చూపు పరీక్షలే గండం. కనుక ఏ చీకటి కమ్మినా ముందు అనుమానం కంటి మీదికే పోతుంది.

మన భాష కూడ ఇందుకు కొంత కారణమని మా అభిప్రాయము. తమిళులు, కన్నడిగులు తల తిరుగుతున్నదంటారు. ఇక్కడ ఖుర్దా రోడ్డులో ఒడియావారు 'ముండొ బులౌఛి' అంటారు, అదీ తలే. మనము మాత్రం కళ్ళు తిరిగాయంటాము. మన ముసలమ్మ 'ఆఖి' అని కంటిని చూపితే, డాక్టరుగారు కంటి విభాగానికి పంపక ఏమి చేస్తారు? ఆ 'ముండొ' మన చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉన్నా, ఆసుపత్రిలో సిగ్గుపడక అనవలసినదే సుమండీ.

మనిషి నిలబడగానే అర లీటరు నుండి లీటరు వరకు రక్తం పొట్టలోనికి, కాళ్ళలోనికి దిగుతుంది. మెడలోని పెద్ద రక్తనాళాల వద్దనున్న నరాలు ఆ సంగతి కనిపెట్టి, గుండెను త్వరపెట్టి, నాళాలను బిగింపజేస్తాయి. వయస్సు మీరినకొద్దీ ఈ ఏర్పాటు మందగిస్తుంది. మధుమేహం, రక్తపు పోటు బిళ్ళలు, ప్రోస్టేటుకు ఇచ్చే కొన్ని మందులు, చైత్రపు ఎండలో నీరు చాలకపోవడం దానిని మరింత కుంటుపరుస్తాయి. కడుపునిండా భోజనం చేసిన తరువాత కూడ పోటు తగ్గవచ్చును. ఈనాటి బొబ్బట్లకు సిద్ధంగా ఉన్నవారు గమనింతురు గాక.

అయితే ముందుగా చూపే ఎందుకు మసకబారాలి? కంటిలోపల పాదరసం లెక్కన 10 నుండి 21 మిల్లీమీటర్ల ఒత్తిడి సహజంగా ఉంటుంది. రక్తం దానిని త్రోసుకొని లోనికి పోవాలి. కావున పోటు పడిపోయినప్పుడు స్పృహ తప్పకముందే చూపు తగ్గుతుంది. యుద్ధవిమానాన్ని వేగంగా మలుపు త్రిప్పే పైలట్లకు కూడ ఇంతే: మొదట రంగులు వెలిసిపోతాయి, తరువాత చీకటి, ఆ పైననే స్పృహ పోవడం. ఎర్ర దీపం వెలిగిందని సిగ్నలును మరమ్మతు చేయించము గదా.

కంటికి అపాయం లేకపోలేదు. పంజాబులో పుట్టి అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేసిన సోహన్ సింగ్ హైరే అను నేత్రవైద్యుడు, నిద్రలో పోటు అతిగా తగ్గడం కంటినరానికి చెరుపు చేయగలదని 1994లో వ్రాసినారు. దీనిపై వైద్యులలో భిన్నాభిప్రాయాలున్నవి. గ్లకోమా ఉన్నవారు మాత్రం పోటు బిళ్ళ ఏ వేళ వేసుకొంటున్నదీ కంటి డాక్టరుకు చెప్పుట మంచిది.

మా మనవి ఏమనగా, కూర్చోబెట్టి పోటు చూచి పంపితే అంతటితో ఒప్పుకొనవద్దు. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, నిలబడిన మూడు నిమిషాలలోపల మరల చూడమనండి. పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని తగ్గితే డాక్టరు ఆలోచించవలసినదే. బిళ్ళలు మీ అంతట మీరు మానరాదు; ఎక్కువ పోటు చేసే చెరుపు తక్కువది కాదు.

రాత్రి లేచేటప్పుడు దీపం వేసుకొని, మంచం అంచున కాసేపు కూర్చుని, పాదాలు పదిసార్లు ఆడించి నిలబడండి. కాలు తడబడినప్పుడు నిలదొక్కుకొనడానికి చూపు పెద్ద ఆధారం. శుక్లాలున్నవారికి అదీ అంతంతమాత్రమే. తుంటి ఎముక విరగడానికి ఎంతసేపు?

ఒక కన్ను మాత్రమే హఠాత్తుగా చీకటైతే అది వేరు సంగతి. పక్షవాతానికి ముందు హెచ్చరిక కావచ్చును. వెంటనే తేరుకొన్నాసరే, ఆలస్యం చేయక ఆసుపత్రికి పోవాలి.

పోటు చూచే యంత్రం తెప్పించినాము. వెనుక గదిలో చాప పరచి ఉన్నది. అరవై దాటినవారు భోజనానికి ముందే దయచేయండి.