పాత బండికి కొత్త బండి: ఈ బేరంలో లాభం ఎవరికి?



మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని కాస్త నడుం వాల్చే వేళకి వీధిలో "పాత బట్టలకి స్టీలు సామానేయ్!" అని కేక వినబడుతుంది. ఆ కేకకి గేటు దగ్గరికి వెళ్ళని ఇల్లాలు మనలో ఎవరైనా ఉన్నారా? మావారి ప్యాంట్లు రెండు, పిల్లల చొక్కాలు నాలుగు, జరీ నల్లబడిన చీర ఒకటి తెచ్చి అరుగు మీద పెడతాం. ఆవిడ ఒక్కొక్కటీ వెలుతురుకి ఎత్తి చూసి పెదవి విరుస్తుంది. "ఇంకో చీర వెయ్యమ్మా, ఈ గిన్నె తీసుకో" అంటుంది. చివరికి ఒక గిన్నె పుచ్చుకుని లోపలికి వస్తాం. వచ్చాక అనుమానం పట్టుకుంటుంది. గెలిచింది నేనా, ఆవిడా? అసలు ఈ గిన్నె నాకు అవసరమా?

ఇటువంటి బేరమే మా ఇంటికి పెద్ద ఎత్తున వచ్చింది. ఈసారి అరుగు మీద పెట్టమన్నది చీర కాదు, కారు. అవతల నిలబడి బేరమాడుతున్నది ప్రభుత్వం.

మా కారు 2009లో కొన్నది. చిన్న పెట్రోలు బండి. 2024లో పదిహేనేళ్ళు నిండి రిజిస్ట్రేషను గడువు తీరింది. మళ్ళీ అయిదేళ్ళకి పొడిగించుకోవాలంటే బండిని పరీక్షకి పెట్టి ఫీజు కట్టాలి. ఆ ఫీజు ఇదివరకు 600 రూపాయలు ఉండేది. 2022 ఏప్రిల్ 1 నుంచి కారుకి 5,000 చేశారు. స్కూటరు వంటి బండికి 300 ఉన్నది 1,000 అయింది. ఇరవై ఏళ్ళు దాటిన కార్లకి 2025లో దాన్ని 10,000 చేశారు. అంటే పాత బండి ఉంచుకుంటే వాత పెడతారన్నమాట.

వాత ఒక చేత్తో, వెన్న ఒక చేత్తో. 2021 ఆగస్టు 13న కేంద్ర ప్రభుత్వం పాత వాహనాల తుక్కు విధానాన్ని ప్రారంభించింది. బండిని ప్రభుత్వ గుర్తింపు పొందిన తుక్కు కేంద్రానికి అప్పగిస్తే ఒక ధ్రువపత్రం ఇస్తారు. అది చూపించి కొత్త బండి కొంటే రిజిస్ట్రేషను ఫీజు ఉండదు. రోడ్డు పన్నులో సొంత బండ్లకి 25 శాతం దాకా తగ్గించవచ్చు. ఎంత తగ్గించాలన్నది రాష్ట్రం ఇష్టం. తుక్కు కింద కొత్త బండి షోరూం ధరలో 4 నుంచి 6 శాతం దాకా వస్తుందనీ, తయారీ కంపెనీలు ఇంకో 5 శాతం తగ్గించాలనీ అప్పట్లో చెప్పారు.

ఇంక మా ఇంట్లో వాదన మొదలైంది. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. "అమ్మా, పాత బండి పొగ విషం. ఇచ్చేసి కొత్తది కొందాం" అన్నాడు. మావారు పేపరు మడిచి, "నిక్షేపంలా నడిచే బండిని ఎవరైనా తుక్కులో వేస్తారుట్రా?" అన్నారు. ఇద్దరూ నావైపు చూశారు. నేను పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. అయినా ఇంటి జమాఖర్చుల పుస్తకం ఇరవై ఏళ్ళుగా నా చేతిలోనే ఉంది. అంచేత, రెండు రోజులు ఆగమన్నాను.

మేము కారు కొన్న ఏడాదే అమెరికాలో ఇలాంటి బేరం జరిగింది. మా వదినగారు, అంటే మావారి అక్కగారు, అక్కడే ఉంటారు. ఆ రోజుల్లో ఫోనులో ఈ కబురు చెప్పి తెగ ఆశ్చర్యపోయారు. 2009లో అక్కడ ఆర్థిక మాంద్యం. క్రైస్లర్, జనరల్ మోటార్స్ అంతటి కంపెనీలు దివాలా పిటిషన్లు వేశాయి. అప్పుడు ప్రభుత్వం, పెట్రోలు ఎక్కువ తాగే పాత కారు ఇచ్చి తక్కువ తాగే కొత్త కారు కొంటే 3,500 గానీ 4,500 గానీ డాలర్లు ఇస్తామంది. ముందు కేటాయించిన 100 కోట్ల డాలర్లు రోజుల్లోనే అయిపోయాయి. ఇంకో 200 కోట్లు కలిపారు. జూలై చివర నుంచి ఆగస్టు 24 దాకా, ఒక నెలలోనే సుమారు 6 లక్షల 80 వేల పాత కార్లు వచ్చి పడ్డాయి.

వచ్చిన కార్లని ఏం చేశారో వింటే మీకూ ప్రాణం ఉసూరుమంటుంది. ఇంజనులో ఆయిలు తీసేసి, సోడియం సిలికేట్ అనే ద్రావణం పోసి, ఇంజను స్టార్టు చేశారు. వేడికి ఆ ద్రావణం గాజులా గట్టిపడి ఇంజను బిగుసుకుపోతుంది. ఇంక ఎవరూ బాగుచెయ్యలేరు. మా వదినగారు, "మన ఊళ్ళో అయితే అందులో సగం బండ్లు ఇంకో పదేళ్ళు తిరిగేవే" అన్నారు.

మరి మేలు జరగలేదా అంటే, జరిగింది. వదిలించుకున్న కార్లు లీటరుకి సగటున ఏడు కిలోమీటర్లు కూడా ఇవ్వనివి. కొన్నవి పదిన్నర ఇచ్చేవి. ఫ్యాక్టరీలు మూతపడుతున్న రోజుల్లో కాస్త పని దొరికింది. కానీ అతీఫ్ మియాన్, అమీర్ సూఫీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు తర్వాత లెక్కలు తీసి, అదనంగా అమ్ముడైన కార్లలో దాదాపు అన్నీ ఆ తర్వాతి కొద్ది నెలల్లో ఎలాగూ అమ్ముడుపోయేవేనని తేల్చారు. అంటే సంక్రాంతికి కొనే చీర దసరాకే కొన్నట్టు. బీరువాలో చీరలు పెరగలేదు, తేదీ మారింది, అంతే.

జర్మనీలోనూ అదే ఏడాది తొమ్మిదేళ్ళు నిండిన కారుకి 2,500 యూరోలు ఇచ్చారు. సుమారు 20 లక్షల మంది తీసుకున్నారు. అక్కడయితే ఆ బహుమతికి పెట్టిన పేరే ఆ సంవత్సరపు మాటగా ఎన్నికైంది. ఇంటింటా అదే కబురన్నమాట!

ఇంక మన ఇంటి లెక్కకి వద్దాం. కొత్త కారు ఎనిమిది లక్షలనుకోండి. రోడ్డు పన్ను లక్ష అనుకుంటే నాలుగోవంతు తగ్గింపు 25,000. తుక్కు కింద 32 నుంచి 48 వేలు. కంపెనీవాళ్ళు నిజంగా 5 శాతం తగ్గిస్తే 40,000. అన్నీ కలిపి లక్షా పదిహేను వేలు దాటవు. దానికోసం ఏడు లక్షలు అప్పు చెయ్యాలి. 9 శాతం వడ్డీకి, అయిదేళ్ళకి, నెలకి పద్నాలుగున్నర వేలు కట్టాలి. వడ్డీ ఒక్కటే లక్షా డెబ్బై వేలు! ప్రభుత్వం ఇచ్చే వెన్నంతా బ్యాంకు పిల్లి నాకేసి, ఇంకా గిన్నె ఖాళీ అని అరుస్తుంది. కొత్త బండి బీమా సంగతి నేను ఎత్తడమే లేదు. ఎలాగూ కారు కొనాలనుకున్నవాళ్ళకి ఈ తగ్గింపు వరమే. కొనే ఆలోచన లేనివాళ్ళకి మాత్రం ఎర.

ఇదంతా నడుస్తుండగా మా వీధి ఎలక్ట్రీషియను ఫ్యాను బాగుచెయ్యడానికి వచ్చాడు. మా మాటలు విన్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "అక్కా, కారు తుక్కుకి వెయ్యకండి. నాకిప్పించండి. నిచ్చెన, వైర్లు వేసుకుని తిరగాలి. వాయిదాల్లో ఇచ్చుకుంటాను" అన్నాడు.

చెప్పొద్దూ, ఆ మాటతో నా ఆలోచన ఆగిపోయింది. మనం వదిలిన బండి ఇంకొకరి మొదటి బండి. మన పాత స్కూటరు మీద ఎవరో పాలు పోస్తారు, కూరలు తెస్తారు. వాళ్ళు షోరూముకి వెళ్ళలేరు. పాతవన్నీ తుక్కుచేస్తే మిగిలినవాటి ధర పెరుగుతుంది. తగ్గింపు కొత్తది కొనగలిగినవాడికి, ధర భారం కొనలేనివాడికి. ఇంకో చిత్రం చూడండి. రోడ్డు పన్నులో సొంత బండ్లకి 25 శాతం దాకా తగ్గింపు ఉంటే, లారీలు, ఆటోలు వంటి అద్దె బండ్లకి 15 శాతమే. పొద్దస్తమానం రోడ్డు మీద తిరిగే బండి ఏది? వారానికోసారి గుడికి వెళ్ళే మా కారా, రోజూ పొగ వదిలే పాత లారీయా?

అలాగని మా అబ్బాయి మాట కొట్టిపారెయ్యలేను. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా కొత్త బండ్లకి భారత్ స్టేజ్ 6 ప్రమాణాలు వచ్చాయి. మేము కారు కొన్నప్పుడు అంత కట్టుదిట్టం లేదు. బస్‌స్టాపులో ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునే మనకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. పక్కింటి పసివాడు రాత్రిళ్ళు దగ్గుతూంటే, "బండి నాది, పొగ నాది" అనే హక్కు నాకు లేదు.

మరి వయసు చూడాలా, పొగ చూడాలా? ఢిల్లీలో వయసే చూశారు. పదేళ్ళు దాటిన డీజిలు బండ్లకీ, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్లకీ 2025 జూలై 1 నుంచి బంకుల్లో చమురు పొయ్యవద్దన్నారు. జనం గగ్గోలు పెట్టారు. కొద్ది రోజుల్లోనే ఆపెయ్యాల్సి వచ్చింది. మన ఇళ్ళల్లో కుక్కరు పాతదని పారేస్తామా? రబ్బరు మారుస్తాం, వాల్వు చూస్తాం. అప్పటికీ ఆవిరి నిలవకపోతే, ప్రమాదమని పక్కన పెడతాం. అంతేగాని, పక్కవాళ్ళకి ఇవ్వం. బండికీ అదే న్యాయం ఉండాలి.

నేను ఇంట్లో అదే చెప్పాను. "బండిని పరీక్షకి పెడదాం. పొగలో తప్పిందా, తుక్కుకే. ఎలక్ట్రీషియనుకి కూడా ఇవ్వొద్దు. నెగ్గిందా, 5,000 కట్టి ఉంచుకుందాం." మెకానిక్కు చేత ఇంజను శుభ్రం చేయించి, సైలెన్సరు మార్పించి పంపాం. నెగ్గింది. మా అబ్బాయి కాస్త అలిగాడు. మావారు నవ్వుకున్నారు. ఎలక్ట్రీషియను మాత్రం వచ్చినప్పుడల్లా, "అక్కా, కారు సంగతి..." అంటూనే ఉన్నాడు. అతనికి నేను జవాబు చెప్పవలసి ఉంది.

ప్రభుత్వంవారికి ఈ ఇల్లాలి మనవి ఒకటే. బహుమతి ఇచ్చేటప్పుడు కొత్తది కొన్నవాడి రసీదు చూడకండి, పాతది వదిలిన పొగ చూడండి. ఆటో అబ్బాయికీ లారీ ఆసామికీ పెద్ద చెయ్యి వెయ్యండి. కారు వదిలి బస్సెక్కేవాళ్ళకి కూడా ఏదైనా ఇస్తే నేనే ముందు వరసలో నిలబడతాను.

ఇక మనం, అరుగు మీద పాత చీర పెట్టేటప్పుడు అడగవలసిన ప్రశ్న కారు దగ్గర కూడా మరిచిపోకూడదు. "ఎంత తగ్గిస్తావు?" అన్నది రెండో ప్రశ్న. "ఇది నాకు కావాలా?" అన్నది మొదటిది.