కొత్త కిటికీల సందులు – ధాన్యపు గదికి రక్షణ



పాత ఇండ్లకు కొత్త కిటికీలు పెట్టించుట మన పల్లెలలో ఇప్పుడు మామూలైనది. చెదలు తిన్న చట్రములు తీసివేసి అల్యూమినియము, యూ.పి.వి.సి. కిటికీలు అమర్చుకొనుచున్నారు. ఇది మంచిదే. కాని చట్రమునకు, గోడకు నడుమ మిగిలిన సందును పైపైన సిమెంటు పూసి వదలివేయుట మంచిది కాదు. ఆ గదిలో విత్తనపు వడ్లో, వేరుసెనగ కాయలో నిలువయున్నచో, ఆ సందు రాబోవు పంటనే దెబ్బ తీయగలదు.

సందు వలన నష్టము

మొదటిది తేమ. మామూలు సంచులలో నిలువచేయు వరి విత్తనములో తేమ నూటికి 13 వంతులు, వేరుసెనగ విత్తనములో 9 వంతులు మించరాదని విత్తన ప్రమాణములు చెప్పుచున్నవి. ఎండలో ఎంత శ్రద్ధగా ఆరబెట్టినను, వానజల్లుకు నానిన గోడకు ఆనియున్న బస్తా ఆ తేమను మరల పీల్చుకొనును. బూజు పట్టును, మొలక తగ్గును. వేరుసెనగలో బూజు వలన పుట్టు అఫ్లాటాక్సిన్ విషము వండినను పూర్తిగా పోదు.

రెండవది ఎలుకలు. పెన్సిలు పట్టునంత సందు చాలును, చుంచెలుక లోనికి దూరును.

మూడవది పురుగులు. ముక్కు పురుగు, వడ్ల చిలుక వంటివి గది ఊడ్చిన తరువాత కూడ పగుళ్ళలో చేరిన గింజలలో దాగి, కొత్త ధాన్యము రాగానే దానికి పట్టును.

పూడ్చు విధానము

పచ్చి కర్రతో చేసిన చట్రము ఎండినకొద్దీ కుంచించుకొనును. అల్యూమినియము ఎండకు సాగి, చలికి ముడుచుకొనును. గోడ మాత్రము కదలదు. అందువలన సిమెంటు ఒక్కటే పూసినచో ఏడాది తిరుగకముందే వెంట్రుకవాసి పగులు కనబడును. వేసవి చివర సందులన్నియు బయటపడును. తొలకరికి ముందే పని ముగించుటకు అదే అదను.

1. వదులుగానున్న గారను గీకి, దుమ్ము దులిపి, గోడ అంచును నీటితో తడుపవలెను.

2. వెడల్పైన సందులో ఇటుక ముక్కలు, ఒక పాలు సిమెంటుకు నాలుగు పాళ్ళు ఇసుక కలిపిన గార లోతుగా కూరవలెను. వారము దినములు నీరు చల్లవలెను. బంకమట్టి పెట్టరాదు. ఎలుక దానిని తోడివేయును, చెదలు దారి చేసికొనును.

3. చట్రము ప్రక్కన పావు అంగుళము గాడి విడిచి, గార బాగుగా ఆరిన పిదప సిలికోను వంటి సాగెడు లప్పముతో నింపవలెను. చట్రము కదిలినను ఇది సాగి పట్టుకొనియుండును.

4. నురుగు రూపమున వచ్చు పాలియురెథేను వాడినచో కొద్దికొద్దిగా నింపవలెను. ఎక్కువైనచో ఉబ్బి చట్రమును వంచును. ఎండకు చెడును, ఎలుక కొరుకును. కావున గట్టిపడిన తరువాత కోసి, పైన గార పూయవలెను.

5. కిటికీ అడుగు గట్టు బయటికి వాలుగా నుండవలెను. అల్యూమినియము, యూ.పి.వి.సి. చట్రముల అడుగున నీరు పోవుటకు ఉంచిన చిన్న రంధ్రములను మూయరాదు. మూసినచో నీరు లోపలికే పొర్లును.

పరీక్ష

చీకటి పడిన తరువాత గదిలో దీపము ఆర్పి, ఒకరు బయటినుండి చట్రము చుట్టు టార్చి వేయవలెను. లోపల వెలుగు కనబడినచోట సందు మిగిలియున్నట్లే. మరునాడు బయటి గోడపై, క్రిందినుండి పైకి, నీరు చల్లి లోపల చెమ్మ తగులునేమో చూడవలెను.

రెండు హెచ్చరికలు

సందు మూయుట వేరు, గాలి మూయుట వేరు. పొడి ఎండ కాయు దినములలో రెక్కలు తెరచి, ముసురు దినములలో మూసియుంచవలెను. కిటికీకి పావు అంగుళము మించని కన్నుల ఇనుప జాలి బిగించవలెను. బస్తాలను చెక్క దిమ్మెలపై, గోడకు రెండడుగుల ఎడముగా పేర్చవలెను.

గది బిగువుగా నున్నది గదా అని ఇంటిలో అల్యూమినియము ఫాస్ఫైడు బిళ్ళలు ఎన్నడును పెట్టరాదు. వాటినుండి వెలువడు ఫాస్ఫీను వాయువు తలుపు సందులగుండ, కప్పు సందులగుండ ప్రక్క గదిలో నిద్రించు పిల్లలకు చేరును. దానికి విరుగుడు మందు లేదు. పురుగు పట్టిన ధాన్యమును ఇంటినుండి తరలించి, అనుమతిగల వారిచేతనే పొగ పట్టించవలెను.

కిటికీకి వేలు ఖర్చు చేసినవారు సందుకు మరికొంత ఖర్చు చేయుటకు వెనుదీయరాదు. మేస్త్రీకి కూలి పూర్తిగా చెల్లించుటకు ముందే టార్చి పరీక్ష చేయుడు. గదిలో నున్నది మీ రాబోవు పంట.