అఫిలియేట్ లింకులు ఒక్క ఇన్‌స్టా మీదే నడుస్తున్నాయా? రెండో ట్రాఫిక్ సోర్స్ ఎలా కలపాలి

పోయిన ఎపిసోడ్ కింద ఒక తమ్ముడు కామెంట్ పెట్టాడు. "అన్నా, నేను ఇన్‌స్టాలో కిచెన్ ఐటమ్స్ రీల్స్ చేస్తాను. అమెజాన్ లింకుల మీద నెలకి కొంచెం కొంచెం వస్తోంది. ఇప్పుడు 15 వేలు పెట్టి యాడ్స్ రన్ చేద్దాం అనుకుంటున్నా, చేయొచ్చా?" ఇలాంటి ప్రశ్నలు ఇంకా చాలా వచ్చాయి. అందుకే ఈ రోజు మొత్తం ఇదే మాట్లాడుకుందాం. ఒక చోట నడుస్తున్న అఫిలియేట్ క్యాంపెయిన్‌ని ఇంకో చోటికి ఎలా తీసుకెళ్లాలి, ఎక్కడ డబ్బు పోతుంది, ఎక్కడ అకౌంటే పోతుంది.

ముందు తమ్ముడి 15 వేల సంగతి చూద్దాం, ఎందుకంటే అది అర్జెంట్. నోట్‌ప్యాడ్ ఓపెన్ చేయండి. నేను చెప్పేవి లెక్క కోసం అనుకున్న నంబర్లు, మీ రిపోర్టులో ఉన్నవి వేసుకోండి. మీ లింక్ మీద 1000 క్లిక్స్ వచ్చాయి, అందులో 15 మంది కొన్నారు, ఒక్కో ఆర్డర్ సగటున 1000 రూపాయలు, కమిషన్ 4 శాతం అనుకుందాం. అంటే ఆర్డర్‌కి 40 రూపాయలు, 15 ఆర్డర్లకి 600. ఆ 600ని 1000 క్లిక్స్‌తో భాగించండి. ఒక్కో క్లిక్ మీకు 60 పైసలు తెస్తోంది. ఈ నంబర్ పేరు ఎర్నింగ్స్ పర్ క్లిక్. ఇది తెలియకుండా యాడ్ బటన్ ముట్టుకోవద్దు.

ఇప్పుడు యాడ్‌లో ఒక క్లిక్ రెండున్నర రూపాయలకి వచ్చిందనుకుందాం. 15 వేలకి 6000 క్లిక్స్. ఒక్కోటి 60 పైసలు తెస్తే చేతికి వచ్చేది 3600. మిగతా 11,400 ఏమైందో వేరే చెప్పక్కర్లేదు. ఈ యాడ్ గిట్టుబాటు కావాలంటే ప్రతి 16 మందిలో ఒకరు కొనాలి. మనకి కొంటున్నది 66 మందిలో ఒకరు. అదీ మిమ్మల్ని ఫాలో అయ్యి, నమ్మి క్లిక్ చేసినవాళ్లలో. యాడ్ చూసి వచ్చేవాడికి మీరెవరో కూడా తెలియదు.

అందుకే తమ్ముడూ, ఆ 15 వేలు జేబులోనే ఉంచుకో. తక్కువ కమిషన్ ఉన్న ఫిజికల్ ప్రొడక్ట్స్‌కి పెయిడ్ ట్రాఫిక్ మొదటి మెట్టు కాదు. ఒక సేల్‌కి వందల్లో, వేలల్లో ఇచ్చే వెబ్ హోస్టింగ్, సాఫ్ట్‌వేర్ సబ్‌స్క్రిప్షన్ లాంటివాటికి ఈ లెక్క వేరేగా వస్తుంది. అక్కడ కూడా ముందు ఫ్రీ ట్రాఫిక్ మీద ఎర్నింగ్స్ పర్ క్లిక్ తెలుసుకున్నాకే.

ఇంకో విషయం, ఇది చాలామంది చదవరు. అమెజాన్ అసోసియేట్స్ రూల్స్ ప్రకారం, సెర్చ్ యాడ్ నొక్కగానే నేరుగా అమెజాన్‌కి వెళ్లేలా మీ అఫిలియేట్ లింక్ పెట్టకూడదు. "అమెజాన్" అనే పేరు మీద, దాని స్పెల్లింగ్ మార్చిన పదాల మీద కీవర్డ్ బిడ్ చేయకూడదు. ఈమెయిల్, ఎస్సెమ్మెస్‌లో లింకులు పంపే ముందు రూల్స్ చూసుకోండి. మీ లింకుతో మీరే కొనుక్కుంటే కమిషన్ రాదు. మీరు లింకులు పెట్టే సైట్లు, సోషల్ మీడియా పేజీలు అకౌంట్‌లో యాడ్ చేసి ఉండాలి. కొత్త సోర్స్ మొదలుపెట్టే రోజే ఆ లిస్టులో ఎక్కించండి. ఈ రూల్స్ తప్పితే ఆ నెల కమిషన్ మాత్రమే కాదు, అకౌంటే మూసేయొచ్చు.

మరి ఇంత తలనొప్పి ఉన్నప్పుడు ఇంకో సోర్స్ ఎందుకు, ఇన్‌స్టా ఉంది కదా అంటారా? 2020 జూన్ 29 గుర్తు తెచ్చుకోండి. టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లని కేంద్రం బ్యాన్ చేసింది. మన తెలుగులో టిక్‌టాక్ ఒక్కటే నమ్ముకుని లక్షల మంది ఫాలోవర్స్‌ని సంపాదించినవాళ్లకి ఆ ఫాలోవర్స్ చూస్తుండగానే లేకుండా పోయారు. వాళ్ల తప్పేం లేదు. అంతకుముందే "నా యూట్యూబ్ కూడా చూడండి" అని జనాన్ని కొంచెం కొంచెం మళ్లించినవాళ్లు నిలబడ్డారు. సాఫ్ట్‌వేర్‌లో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటాం. మొత్తం అప్లికేషన్ ఒక్క సర్వర్ మీద పెట్టి బ్యాకప్ లేకుండా శుక్రవారం సాయంత్రం ఇంటికెళ్లిపోయే టీమ్ ఉండదు. ఉంటే శనివారం ఫోన్ వస్తుంది.

సరే, ఇప్పుడు అసలు పని. రెండో సోర్స్ ఏది?

ముందు ఇన్‌స్టాలో మీ క్లిక్స్ ఎందుకు అమ్మకాలుగా మారట్లేదో చూడండి. లింక్ నొక్కితే చాలాసార్లు అది ఇన్‌స్టా లోపల ఉన్న బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. అక్కడ మీ ఫాలోవర్ అమెజాన్‌లో లాగిన్ అయి ఉండరు. నంబర్ కొట్టు, ఓటీపీ తెచ్చుకో... ఎవరికి ఓపిక? మూసేస్తారు. రాత్రి అమెజాన్ యాప్ ఓపెన్ చేసి, అదే మిక్సీని సెర్చ్ చేసి కొనుక్కుంటారు. కష్టం మీది, ఆర్డర్ మాత్రం మీ లెక్కలో పడదు. అందుకే స్టోరీలోనే ఒక్క లైన్ చెప్పండి: "పైన మూడు చుక్కలు నొక్కి, బయటి బ్రౌజర్‌లో ఓపెన్ చేయండి." కొత్త సోర్స్ వెతికే ముందు ఉన్న బకెట్‌కి చిల్లు పూడ్చాలి కదా.

ఇంకోటి, రీల్ చూసేవాడు కొనడానికి రాలేదు. బస్సులో టైమ్ పాస్ కోసం స్క్రోల్ చేస్తున్నాడు. అదే యూట్యూబ్‌లో "3000 లోపు మంచి మిక్సీ తెలుగు" అని టైప్ చేసినవాడు పర్సు పట్టుకుని కూర్చున్నాడు. అందుకే నా సలహా, ఇన్‌స్టాలో ఉన్నవాళ్లకి రెండో సోర్స్ యూట్యూబ్ లాంగ్ వీడియో. షార్ట్స్ కాదు. షార్ట్స్ డిస్క్రిప్షన్‌లో, కామెంట్స్‌లో పెట్టిన లింకులు 2023 ఆగస్టు 31 నుంచి క్లిక్ అవ్వట్లేదు. షార్ట్ చేయొచ్చు, కానీ దానికి రిలేటెడ్ వీడియోగా మీ లాంగ్ వీడియోని తగిలించండి, లింకులు అక్కడ ఉంచండి. కొత్త ఛానల్ అయితే డిస్క్రిప్షన్ లింకులు పనిచేయడానికి సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ ఫీచర్స్ యాక్సెస్ తీసుకోవాలి. అది మర్చిపోయి "అన్నా, జీరో క్లిక్స్" అని మెసేజ్ పెట్టొద్దు.

ఇక్కడ అందరూ చేసే పని ఏంటంటే, అదే రీల్‌ని డౌన్‌లోడ్ చేసి యూట్యూబ్‌లో పడేస్తారు. అది సోర్స్ పెంచడం కాదు, అదే అన్నాన్ని ఇంకో గిన్నెలో పెట్టడం. మిక్సీనే తీసుకోండి. రీల్‌లో అయితే 20 సెకన్లు, అల్లం వెల్లుల్లి పేస్ట్ గిర్రున తిరిగితే చాలు. యూట్యూబ్‌లో సెర్చ్ చేసి వచ్చిన అక్కకి అది సరిపోదు. ఇడ్లీ పిండి రుబ్బితే జార్ వేడెక్కుతుందా? గోంగూర పచ్చడికి చిన్న జార్‌లో కొంచెం వేస్తే బ్లేడుకి అందుతుందా? సౌండ్ ఎంత, తెల్లారి నాలుగింటికి వేస్తే పక్కింటివాళ్లు లేస్తారా? 500 వాట్స్ చాలా, 750 కావాలా? మన వంటింట్లో ఉండే ఈ ప్రశ్నలకి ఇంగ్లిష్ రివ్యూలో జవాబు దొరకదు. మీకు అక్కడే చోటు ఉంది. అలాంటి వీడియోని రేపు, వచ్చే నెల, వచ్చే సంక్రాంతికి కూడా ఎవరో ఒకరు సెర్చ్ చేస్తూనే ఉంటారు. రీల్ ఆయుష్షు చాలావరకు కొన్ని రోజులే.

టైటిల్‌లో ప్రొడక్ట్ మోడల్ నంబర్ పెట్టండి. మనవాళ్లు చాలామంది తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తారు, కాబట్టి డిస్క్రిప్షన్‌లో రెండు రకాలుగా రాయండి. వీడియోలో ధర గట్టిగా చెప్పకండి, సేల్ వస్తే మారిపోతుంది. "లింక్‌లో ఈ రోజు ధర చూసుకోండి" అంటే సరిపోతుంది.

మూడోది టెలిగ్రామ్ లేదా వాట్సాప్ ఛానల్. వాట్సాప్ ఛానల్స్ 2023 సెప్టెంబర్ నుంచి మన దగ్గర ఉన్నాయి. ఇక్కడ రివ్యూ ఎవరూ చదవరు, ధర తగ్గితే చెప్పాలి అంతే. ఒక్క హెచ్చరిక: "50 వేల మెంబర్స్ ఉన్న ఛానల్‌లో మీ పోస్ట్ వేస్తాం, 2000 ఇవ్వండి" అని వస్తారు. మెంబర్స్ సంఖ్య చూడకండి, పోస్ట్ కింద కన్ను గుర్తు పక్కన వ్యూస్ చూడండి. 50 వేల మందిలో 300 వ్యూస్ ఉంటే మిగతావాళ్లు నిద్రపోతున్నారు, లేదా అసలు మనుషులే కాదు.

ఇప్పుడు ఈ ఎపిసోడ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన పాయింట్. సోర్స్ పెంచగానే ఏది పనిచేస్తోందో తెలియాలి కదా. అమెజాన్‌లో వేరు వేరు ట్రాకింగ్ ఐడీలు చేసుకోవచ్చు. మన ఇండియా ఐడీల చివర -21 ఉంటుంది, అది చూసే ఉంటారు. ఇన్‌స్టాకి ఒకటి, యూట్యూబ్‌కి ఒకటి, టెలిగ్రామ్‌కి ఒకటి. ఇంకా బాగా చేయాలంటే ఒక్కో పెద్ద వీడియోకి ఒక్కోటి. పది నిమిషాల పని.

కానీ రిపోర్ట్‌ని కళ్లు మూసుకుని నమ్మకండి. మామూలుగా లింక్ నొక్కిన దగ్గర నుంచి 24 గంటలు మీ లెక్క. ఆ లోపు వేరే అఫిలియేట్ లింక్ నొక్కితే చివరిగా నొక్కినదానికే కమిషన్ వెళ్తుంది. ఇప్పుడు ఆలోచించండి. ఒక అక్క మీ యూట్యూబ్ వీడియో 9 నిమిషాలు చూసి మిక్సీ ఫిక్స్ అయింది, లింక్ నొక్కి చూసుకుంది, కొనలేదు. మర్నాడు మీ టెలిగ్రామ్‌లో "300 తగ్గింది" అని చూసి కొనేసింది. రిపోర్ట్‌లో టెలిగ్రామ్‌కి ఒక సేల్, యూట్యూబ్‌కి సున్నా. అది చూసి "యూట్యూబ్ వేస్ట్, నెలకి నాలుగు వీడియోలు ఎందుకు" అని ఆపేస్తే, రెండు నెలల తర్వాత టెలిగ్రామ్ సేల్స్ కూడా ఎందుకు పడ్డాయో అర్థం కాదు. ఒప్పించింది యూట్యూబ్, చివర్లో పేరు కొట్టేసింది టెలిగ్రామ్. దీన్ని పట్టుకోవడానికి సింపుల్ దారి ఉంది. ఒక ప్రొడక్ట్‌ని యూట్యూబ్‌లో పెట్టకుండా టెలిగ్రామ్‌లో మాత్రమే పెట్టండి, ఇంకోదాన్ని రెండింటిలో పెట్టండి. నాలుగు వారాలు చూడండి. తేడా మీకే కనిపిస్తుంది.

ఒకేసారి మూడు సోర్స్‌లు మాత్రం మొదలుపెట్టకండి. ఏది ఎందుకు పెరిగిందో తెలియదు, పైగా కాలేజీ, ఉద్యోగం మధ్య మీరు అలసిపోతారు.

సోర్స్‌లు పెరిగేకొద్దీ ఇన్‌బాక్స్‌కి ఇంకో రకం మెసేజ్‌లు వస్తాయి. "బ్రో, మా యాప్ లింక్ పెట్టు, ఒక్కో డిపాజిట్‌కి వెయ్యి ఇస్తాం." మిక్సీ మీద 40 రూపాయలు సంపాదించేవాడికి అది చూస్తే చెయ్యి వణుకుతుంది, నాకు తెలుసు. అవి బెట్టింగ్ యాప్‌లు. ఒక్కో డిపాజిట్‌కి అంత ఇవ్వగలుగుతున్నారంటే ఆ డబ్బు ఓడిపోయేవాడి దగ్గర నుంచే వస్తోంది. ఆ ఓడిపోయేవాడు మీ ఫాలోవరే, మీ ఊరివాడే అయ్యుండొచ్చు. తెలంగాణలో ఆన్‌లైన్ జూదం మీద 2017 నుంచే నిషేధం ఉంది. 2025 మార్చిలో హైదరాబాద్‌లో వీటిని ప్రమోట్ చేసిన యూట్యూబర్లు, నటుల మీద పోలీసు కేసులు పడ్డాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టంలో డబ్బు పెట్టి ఆడే గేమ్‌లకి ప్రచారం చేస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా అని ఉంది. "నేను లింక్ మాత్రమే పెట్టాను" అనే మాట అక్కడ పనికి రాదు. బ్లాక్ కొట్టండి, స్క్రోల్ చేయండి.

మామూలు లింకులకి కూడా ఒక పద్ధతి ఉంది. వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్లకి గైడ్‌లైన్స్ ఇచ్చింది. మీకు డబ్బు గానీ, ఫ్రీ ప్రొడక్ట్ గానీ, ఇంకో లాభం గానీ ఉంటే అది స్పష్టంగా, కంటికి కనిపించేలా చెప్పాలి. ముప్పై హ్యాష్‌ట్యాగ్‌ల మధ్య దాచకూడదు. తప్పుదోవ పట్టించే ప్రచారానికి వినియోగదారుల చట్టం కింద 10 లక్షల దాకా జరిమానా ఉంటుంది. నేనైతే వీడియో మొదటి నిమిషంలోనే చెప్తాను: "కింద లింక్‌తో కొంటే నాకు కమిషన్ వస్తుంది, మీకు ధర పెరగదు." దీనివల్ల ఎవరూ పారిపోవట్లేదు. కొందరు "అన్నా, నీ లింక్‌తోనే కొన్నా" అని కామెంట్ కూడా పెడతారు.

చివరిగా ఓపిక గురించి ఒక లెక్క. ఆర్డర్ పడగానే అది మీ డబ్బు కాదు. షిప్ అవ్వాలి, రిటర్న్ అయితే కమిషన్ వెనక్కి పోతుంది. బట్టలు, చెప్పులు చేసేవాళ్లకి రిటర్న్స్ బాగా కొడతాయి, సైజు సరిపోదు కదా. అందుకే కొత్త సోర్స్‌ని మొదటి వారం ఆర్డర్స్ చూసి జడ్జ్ చేయకండి. మొదటి నెల క్లిక్స్ చూడండి, రెండో నెల రిటర్న్స్ పోగా మిగిలిన కమిషన్ చూడండి. అది పాత సోర్స్ ఎర్నింగ్స్ పర్ క్లిక్‌కి దగ్గరగా ఉంటే ఇంకో నాలుగు వీడియోలు వేయండి. సగం కూడా లేకపోతే సోర్స్ మార్చే ముందు ప్రొడక్ట్ మార్చి చూడండి.

మీ నంబర్లు కామెంట్‌లో పెట్టండి. క్లిక్స్, ఆర్డర్స్, కమిషన్, ఈ మూడు చాలు, స్క్రీన్‌షాట్‌లో మీ అకౌంట్ ఐడీ మాత్రం కప్పేయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఒక రెండు మూడు తీసుకుని లైవ్‌లో లెక్క వేద్దాం. ఉంటాను ఫ్రెండ్స్, బై.