పైపొరను తూచండి

మన గౌడవెల్లికి తూర్పున శామీర్‌పేట, తుర్కపల్లి పరిసరాల్లో జీనోమ్ వ్యాలీ అనే బయోటెక్ పరిశోధన కేంద్రం ఉంది. ఈ రోజు పట్టా అందుకుంటున్న మీలో కొందరు రేపు అక్కడి ల్యాబుల్లో చేరవచ్చు. అందుకే క్వాంటమ్ డాట్లు అనే నానో రేణువుల గురించి ఒక మాట నొక్కి చెప్పదలచుకున్నాను. ఆ రేణువు ఎలా వెలుగుతుంది, ఒంట్లోకి వెళ్లాక ఏం చేస్తుంది అన్నవి తేల్చడంలో లోపలి పదార్థానికి ఎంత పాత్ర ఉందో పైపొరకూ అంతే ఉంది. బావెండి, బ్రూస్, ఎకిమోవ్‌లకు 2023లో నోబెల్ వచ్చినప్పుడు సైజును బట్టి రంగు మారుతుందన్న సంగతి అందరికీ తెలిసింది. కాడ్మియం సెలినైడ్ రేణువు సుమారు 2 నానోమీటర్లుంటే నీలం, 6 ఉంటే ఎరుపు. అయితే ఎంత బాగా వెలుగుతుందో సైజు ఒక్కటే చెప్పలేదు. అంత చిన్న రేణువులో పరమాణువుల్లో పెద్ద భాగం అంచునే ఉంటుంది. బంధం కుదరక మిగిలిన చోట ఎలక్ట్రాన్ చిక్కుకుంటే, వెలుగు కావలసిన శక్తి వేడిగా పోతుంది. 1996లో హైన్స్, గియో-సియోనె కాడ్మియం సెలినైడ్ రేణువుకు జింక్ సల్ఫైడ్ తొడుగు వేసి, పీల్చుకున్న ఫోటాన్లలో దాదాపు సగం తిరిగి కాంతిగా వచ్చేలా చేశారు. లోపలి గింజ మాత్రం అదే.

కాడ్మియమే విషం కదా, దాన్ని వదిలేస్తే పోదా అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ 2004లో డెర్‌ఫస్, చాన్, భాటియా కాలేయ కణాలపై చేసిన ప్రయోగం చూడండి. గాలి, అతినీలలోహిత కాంతి తగిలి ఉపరితలం ఆక్సీకరణ చెందినప్పుడే కాడ్మియం విడుదలై కణాలు చచ్చాయి. జింక్ సల్ఫైడ్ తొడుగుతో ఆ నష్టం బాగా తగ్గింది. కాడ్మియం లేని ఇండియం ఫాస్ఫైడ్‌ కూడా తొడుగు లేకపోతే సరిగా వెలగదు. లోహం మార్చినా పైపొర సమస్య మనతోనే వస్తుంది. 2007లో చోయ్ బృందం ఎలుకల్లో చూపింది మరీ ముఖ్యం: సిస్టీన్ పూత ఉండి, నీటిలో మొత్తం వ్యాసం 5.5 నానోమీటర్లకు లోపున్న డాట్లు మూత్రం ద్వారా త్వరగా బయటికి పోయాయి. ధనావేశమో రుణావేశమో ఉన్న పూతలైతే సీరం ప్రోటీన్లను అంటించుకుని 15 నానోమీటర్లు దాటాయి. మూత్రపిండం వాటిని వడకట్టలేదు.

తొడుగు ఎన్నాళ్లుంటుందన్నది ఇంకా బలమైన ఆక్షేపణ. కాలం గడిచేకొద్దీ అది అరిగిపోవచ్చు, దాన్ని కాదనను. అందుకే తయారైన రోజు కొలిచిన అంకెలతో సరిపెట్టుకోవద్దు. సీరంలో నానబెట్టి, కాంతిలో ఉంచి, వారాల తర్వాత మళ్లీ కొలవండి. మీ నివేదికలో గింజ సైజు పక్కనే పూతగా ఉన్న అణువు (లిగాండ్) పేరు, తొడుగు మందం, ఉపరితల ఆవేశం, ప్రోటీన్లు అంటుకున్నాక వ్యాసం కూడా రాయండి.