ఆ ఖర్చు ఎవరిది?



పల్నాడులో ఒక పట్టణం అనుకోండి. అక్కడ ఒక తల్లి మిరప కోతలకు కూలికి పోతుంది. ఆదివారం అరకిలో వేటమాంసం తెచ్చి వండింది. రాత్రికి పిల్లలిద్దరికీ వాంతులు, విరేచనాలు. సెలైన్లు, మందులు, ఆటో బాడుగ. వారం కూలి పోయింది. పైన అప్పు.

"ఏం చేస్తాం? మా ఖర్మ" అంది ఆ తల్లి.

"ఖర్మ కాదు వదినా! ఆ మాంసం ఎవరైనా పరీక్ష చేశారా? ముద్ర వేశారా?" అని అడిగింది పక్కింటామె.

మంచి ప్రశ్న. పట్టణంలో కబేళా, మార్కెట్టు శుభ్రంగా ఉండేలా చూడటం మున్సిపాలిటీ పని. సరుకు పట్టుకుని పరీక్షకు పంపేది ఆహార భద్రతా అధికారి.

మరి మున్సిపాలిటీ తన పని చేయకపోతే? 1965 నాటి మున్సిపాలిటీల చట్టంలో దారి ఉంది. ప్రభుత్వం గడువు పెట్టవచ్చు. గడువు దాటితే వేరే వాళ్లతో ఆ పని చేయించవచ్చు. ఆ ఖర్చు మున్సిపాలిటీ సొమ్ములోంచే ఇప్పించవచ్చు. జనం ఆరోగ్యానికి ముప్పు వస్తే కలెక్టరు కూడా అలా చేయించవచ్చు. పల్నాడు జిల్లా 2022లో ఏర్పడింది. కలెక్టరు ఆఫీసు నరసరావుపేటలోనే ఉంది.

సరే, ఆ తల్లి ఖర్చు మాటేమిటి?

దానికి 2006 నాటి ఆహార భద్రత చట్టం ఉంది. చెడ్డ తిండి వల్ల జబ్బు చేస్తే, అమ్మినవాడు లక్ష రూపాయల దాకా పరిహారం ఇవ్వాల్సి రావచ్చు. తీవ్రమైన హాని అయితే 3 లక్షల దాకా. ప్రాణం పోతే 5 లక్షలకు తగ్గకూడదు.

ఇంకో మాట. సరుకు మీద అనుమానం ఉంటే కొన్నవాళ్లే ఫీజు కట్టి పరీక్ష చేయించవచ్చు. ఆ సంగతి కొనేటప్పుడే దుకాణదారుకు చెప్పాలి. సరుకు చట్టం ప్రకారం లేదని తేలితే, కట్టిన ఫీజు తిరిగి ఇస్తారు.

అయితే రుజువు కావాలి. ఆ తల్లి బిల్లు అడగలేదు. ఆస్పత్రి చీటీ పొయ్యిలో వేసింది. రుజువు కాస్తా బూడిదైంది.

కాబట్టి బిల్లు అడగండి. చీటీలు దాచండి. అర్జీ రెండు కాపీలు రాయండి. ఒకటి ఆఫీసులో ఇచ్చి, రెండో దాని మీద ముద్ర వేయించుకోండి.

వేలిముద్ర పోయింది, సంతకం వచ్చింది. ఆ సంతకం ఇప్పుడు అర్జీ మీద పెట్టండి!