కంటికి ఎదురుగా శిఖరం

అమెరికాలోని జాతీయ వనాలను మా అమ్మగారికి చూపించిన యాత్ర గురించి చెప్పమని పెద్దలు ఆదేశించారు. మోకాళ్ల నొప్పుల వలన ఆమె తిరుమల మెట్లదారిని విడిచి పదేళ్లయినది.

యూటా రాష్ట్రంలోని జయాన్, బ్రైస్ కేనియన్ వనాలను కారులో నుండే చూచి, అరిజోనాలోని గ్రాండ్ కేనియన్ చేరితిమి. లోయ దక్షిణపు అంచు సముద్రమట్టానికి సుమారు 7,000 అడుగుల ఎత్తు. అక్కడ పెద్దవారికి నాలుగడుగులకే ఆయాసం. లోయలోనికి దిగవలెనన్న కోరికను పిల్లలు తామే విడిచిపెట్టారు.

ఆ లోయలో విష్ణ్వాలయం, శివాలయం అని పేరుగల శిఖరాలున్నాయి. అవి ఎవరూ కట్టినవి కావు. అంచెలంచెలుగా గోపురాలవలె నిలిచిన శిలలు. 19వ శతాబ్దంలో క్లారెన్స్ డటన్ అను భూగర్భ శాస్త్రజ్ఞుడు విష్ణునామాన్ని ఉంచినాడు. లోయ అడుగున విష్ణుశిలల వయస్సు సుమారు 170 కోట్ల సంవత్సరాలు. పేరు పెట్టినవాడు భక్తుడా అని నన్నడగవద్దు.

అమ్మగారి చూపు మందం. మనుమడు ఆమె వ్రేలు పట్టి శిఖరపు అంచును గాలిలో గీసి చూపించాడు. ఆమె చెప్పులు విడిచి చేతులు జోడించారు.

"కొండ ఎక్కలేని దానను నాయనా! శిఖరమే నా కంటి ఎత్తున నిలిచినది" అన్నారు.

పిమ్మట సంచిలో బెల్లం అటుకులు మిగిలినవేమో చూడమన్నారు, నైవేద్యానికి.